బావ బొమ్మలు బంద్ పెట్టిండు, నా కామిక్ ఏం గావాలె?

నర్సంపేట దిక్కు నుంచి ఒక తమ్ముడు పెద్ద ఉత్తరమే రాసిండు, పేరు మాత్రం వెయ్యొద్దన్నడు. ప్రైవేట్ స్కూల్ల సోషల్ సారు. వాళ్ల తాత వరంగల్ ఆజంజాహీ మిల్లుల మగ్గాల కాడ ఏండ్లకేండ్లు పనిచేసిండు, మిల్లు బంద్ అయినంక కొన్నేండ్లకు పోయిండు. నాయినమ్మ ఉన్నది. ఆమె చెప్పిన ముచ్చట్లన్ని ఫోన్ల రికార్డు చేసి పెట్టుకున్నడు, వాటిని 48 పేజీల కామిక్ పుస్తకం చెయ్యాలని కోరిక. ఈయనకు బొమ్మలు రావు. బొమ్మలు గీసేది అక్క పెనిమిటి, బావ. హన్మకొండల ఒక ఫ్లెక్సీ షాపుల డిజైనర్, పొద్దంత బర్త్‌డే ఫ్లెక్సీలు లీడర్ల ఫ్లెక్సీలు చేసి రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని ట్యాబ్ ముందట కూసుంటడట. ఏడాది దాటింది, 14 పేజీలు అయినయ్, అండ్ల మొదటి నాలుగు పేజీలు మల్ల మల్ల గీసుడే.

మొన్న బతుకమ్మకు అందరు కలిసినప్పుడు లొల్లి అయింది. ఐదో పేజీల ఈయన రాసిన డైలాగులన్ని తీసేసి, పేజీకి పేజీ మాటలు లేకుంట గీసి చూపెట్టిండు బావ. ఈయనకు కోపమొచ్చి "నేను చెప్పింది గీసుడే గదా నీ పని" అన్నడు. బావేమో "నీ కథ రేడియోల చదివేటట్టున్నది, దానికి బొమ్మ దేనికి" అని లేచి పోయిండు. అప్పటిసంది వాట్సాప్‌ల నీలం టిక్కులు పడుతున్నయ్ గని జవాబు లేదు. అక్క మధ్యల నలుగుతున్నది, "నా మొగడు రాత్రి ఒంటిగంట దాంక కండ్లు గుంజుకుంట గీస్తె ఒక్క రూపాయి అడగలే, నువ్వు పనోని లెక్క మాట్లాడుతవా" అని ఆమె సుత మాట్లాడుడు తగ్గించింది.

ఇంకో ముడి ఉన్నది. మిల్లు బంద్ అయినంక అప్పులోళ్లు ఇంటి మీదికొస్తే తాత నాయినమ్మ పుస్తెలు అమ్మిండట. రెండేండ్లు ఆమె పసుపుకొమ్ము కట్టుకొని తిరిగిందట. అది ఒకరోజు రాత్రి కరెంటు పోయినప్పుడు ఆమె చెప్పింది. ఈయన అది కథల పెట్టిండు. బాబాయికి తెలిసి "ఇంటి ఇజ్జత్ బజార్ల పెడతవా" అని లేచిండు.

తమ్ముడు అడిగింది ఇది: వేరే ఆర్టిస్టును చూసుకోవాల్నా, లేకపోతే బావ గీసిన 14 పేజీలు ఏఐ యాప్‌ల ఎక్కించి మిగిలినయ్ దానితోని గీయించుకోవాల్నా, కవర్ మీద ఎవరి పేరు ముందుండాలె, పుస్తెల ముచ్చట ఉంచాల్నా తీసెయ్యాల్నా. స్క్రిప్టు మొదటి పన్నెండు పేజీలు, బావ గీసిన పేజీల ఫోటోలు సుత పంపిండు. అవి చూసినంకనే ఇది రాస్తున్న.

తమ్మీ, ముందు స్క్రిప్టు సంగతి మాట్లాడుకుందాం. నువ్వు అడిగిన నాలుగు ప్రశ్నలల్ల స్క్రిప్టు మాటే లేదు, నీకు అది మంచిగనే ఉన్నదన్న ధీమా ఉన్నది. కథ మంచిగుంది, దాంట్ల అనుమానం లేదు. నాయినమ్మ మాటలు ఉన్నకాడ చదువుతుంటే గొంతు ఇనబడుతున్నది. కని బావ ఎందుకు లేటు చేస్తున్నడో, ఎందుకు గీసిందే గీస్తున్నడో నీ స్క్రిప్టు చూస్తె తెలుస్తది.

ఆరో పేజీ, రెండో డబ్బా, అంటే బొమ్మ గీసే గడి. నువ్వు రాసింది ఇది: "మిల్లు సైరన్ ఇనబడంగనే తాత లేచి, మొకం కడుక్కొని, పంచె కట్టుకొని, చాయ్ తాగి, సైకిల్ మీద బయలెల్లిండు." ఒక్క డబ్బాల ఐదు పనులు. బావ ఏ పని గియ్యాలె? డబ్బా అంటే ఒక్క క్షణం, అండ్ల మనిషి లేస్తడో చాయ్ తాగుతడో ఒక్కటే చేస్తడు. ఐదు పనులు కావాల్నంటే ఐదు డబ్బాలన్న కావాలె, లేదా నాలుగు వదిలేసి ఒక్కటే ఏరుకోవాలె. నువ్వు ఏరుకోలేదు, బావ మీదికి నూకినవ్. ఆయన ఒకసారి లేచేది గీసిండు, నీకు నచ్చలే, ఇంకోసారి సైకిల్ గీసిండు, "చాయ్ ఏది బావా" అన్నవట. గట్లయితె ఎవలన్న మల్ల మల్ల గీసుకుంటనే ఉంటరు. ఆయన చేతికి వేగం లేకకాదు, ఫ్లెక్సీ షాపుల పనిచేసేటోనికి స్పీడు గురించి మనం చెప్పేదేం లేదు, గిరాకీ నెత్తి మీద నిలబడి ఉంటె అరగంటల పని తీసేటోళ్లు వాళ్లు.

ఇగ మొదటి నాలుగు పేజీలు. 1934ల మిల్లు పెట్టుడు, ఏడో నిజాం, కొడుకు ఆజంజా పేరు పెట్టుడు, అప్పటి హైదరాబాద్ సంస్థానం, పత్తి ఎక్కడికెల్లి వచ్చేది, అన్ని పైన పెద్ద పెద్ద డబ్బాలల్ల వాక్యాలు. సోషల్ సార్లతోని ఇదే తక్లీఫ్, పాఠం చెప్పంది కథల అడుగు పెట్టరు. నీ లెక్క ప్రకారమే తాత అప్పటికి పుట్టనే లేదు. నాలుగు పేజీలు అయిపోయినంక గని కథల మనిషి కనబడడు, బావ ఆ నాలుగు పేజీలనే మూడు తీర్ల గీసి పెట్టిండు పాపం. నన్నడిగితె ఆ చరిత్రంత ఒక్క బొమ్మల పడతది: మిల్లు గేటు, పైన పేరు, పక్కన మిల్లు పెట్టిన సాలు 1934, కిందికెల్లి సైకిళ్ల మీద లోపలికి పోతున్న మనుషులు, ఆ మందిల తాత. చదివేటోనికి పేరు తెలిసింది, సాలు తెలిసింది, తాత ఎంత చిన్నగ ఎంత మందిల ఒకడో అది సుత తెలిసింది. మిగిలిన చరిత్ర మీద నీకు ఆశ సావకపోతె పుస్తకం ఎనుక రెండు పేజీల వ్యాసం రాయి, అది నీకు మంచిగొస్తది కూడ.

ఇప్పుడు ఆ ఐదో పేజీ, లొల్లి అయిన పేజీ. నీ స్క్రిప్టుల తాత మగ్గం నడుపుకుంట పక్కోనితోని మాట్లాడుతడు, "ఈ మగ్గం ఆగితె మన ఇంట్ల పొయ్యి ఆగుతది" అని మొదలుపెట్టి మాటలు రాసే బుడగలు మూడు, యాభై మాటల పైననే. బావ గీసింది వేరే. మొదటి డబ్బాల తెగిన పోగు. రెండోదాంట్ల దాన్ని పట్టుకున్న రెండు ఏళ్లు. మూడోదాంట్ల ముడి. నాలుగోదాంట్ల తాత మొకం, కనుబొమ్మల మీద తెల్లగ పత్తి దుమ్ము, పక్కోని దిక్కు చూసి చెయ్యి ఊపి ఏదో సైగ చేస్తున్నడు. ఆఖరుకు పేజీ సగం మొత్తం షెడ్డు, మగ్గాలు వరుసకు వరుస, తాత యాడున్నడో ఎతుక్కోవాలె.

తమ్మీ, నువ్వు ఎప్పుడన్న మగ్గాల షెడ్డులకు పోయినవా? పోకపోతె ఒకరోజు సిరిసిల్ల పో. అక్కడ సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుస్తున్న షెడ్డుల నిలబడు ఐదు నిమిషాలు. వరంగల్ కొత్తవాడ దగ్గర్నే ఉన్నది, అక్కడ కింద పరుసుకునే షత్రంజీలు నేసే మగ్గాలు చూడొచ్చు, పోగును ఇటు అటు మోసే నాడె అంటే ఏంది, నూలు చుట్టే కండె అంటే ఏంది తెలుస్తది, కని అవి చేతిమగ్గాలు. మిల్లుల ఉన్నయి కరెంటు మగ్గాలు, వాటి దగ్గరి తీరు సిరిసిల్లలనే దొరుకుతది. నాడె ఇటు కొట్టుడు అటు కొట్టుడు, నేల సుత అదురుతది, పక్క మనిషి నోరు కదిలేది కనబడతది గని మాట ఇనబడదు, చెవుల నోరు పెట్టి ఒర్లాలె లేకపోతె సైగ చెయ్యాలె. అసొంటి జాగల తాత యాభై మాటల డైలాగు చెప్తడా? బావ చెయ్యి ఊపేది ఎందుకు గీసిండో ఇప్పుడు సమజ్ అయిందనుకుంట. నీ డైలాగు తీసేసిండని నువ్వనుకుంటున్నవ్, ఆయన ఆ షెడ్డు చప్పుడు గీసిండు. ఆయన మిల్లు గురించి నీకంటె ఎక్కువ ఆలోచించిండని నాకైతె ఆ ఒక్క పేజీ చూస్తెనే తెలిసింది.

మన దిక్కు కథను బొమ్మలల్ల పెట్టుడు కొత్తేం కాదు. చేర్యాల పటం చూసినవ్ గదా, ఎర్ర నేల మీద వరుసగ డబ్బాలు, మధ్యల పూల అంచులు, మీదికెల్లి కిందికి కథ దిగుతది, ఇప్పుడు ఫోన్ల వేలుతోని పైకి జరుపుకుంట చదివే కామిక్కుల తీరుగనే. ఆ పటం మీద మాటలుండయి. ఎందుకంటె పటం పక్కన కథ చెప్పెటాయన నిలబడి ఉంటడు, ఆయన పాడుతడు, మాట్లాడుతడు. గీసెటోళ్లు నకాషీలు, చెప్పెటోళ్లు వేరే. నువ్వు ఆ చెప్పెటాయన లెక్క స్క్రిప్టు రాసినవ్, అన్ని మాటలల్లనే చెప్పుకుంట పోయినవ్. కని నీ పుస్తకం పక్కన నువ్వు నిలబడవు. అట్లని నీ మాటలన్ని తెచ్చి పేజీల కుక్కితె బొమ్మకు జాగ ఉండది. అందుకె మాట ఎంత, బొమ్మ ఎంత అని ఇద్దరు కూసొని పేజీ పేజీకి పంచుకోవాలె. మీరిద్దరు ఏడాదిల ఒక్కసారి సుత గట్ల కూసోలేదని నీ ఉత్తరంలనే ఉన్నది, నువ్వు వర్డ్ ఫైల్ పంపుడు, ఆయన పేజీ పంపుడు, నువ్వు తప్పులు చెప్పుడు.

ఇప్పుడు నీ ముందట ఏం దారులున్నయో చూద్దాం.

వేరే ఆర్టిస్టును పెట్టుకోవచ్చు. ఫైన్ ఆర్ట్స్ చదివిన పిల్లలు ఉన్నరు, పేజీకి ఇంత అని తీసుకుంటరు. 48 పేజీలంటె నీ ప్రైవేట్ స్కూల్ జీతానికి ఎంత బరువో నువ్వే లెక్క చూసుకో. పైసల సంగతి పక్కకు పెట్టినా, ఇదే స్క్రిప్టు ఇస్తె ఆ పిల్లగాడు సుత ఆరో పేజీ రెండో డబ్బా కాడనే ఆగుతడు. కాకపోతె పైసలు తీసుకున్నడు కాబట్టి నోరు మూసుకొని ఏదో ఒకటి గీసి ఇస్తడు, నీకు లొల్లి లేని పుస్తకం ఒకటి వస్తది, అందులో ఐదో పేజీ అసొంటి పేజీ ఉండది. ఇంకో ముచ్చట, బావ గీసిన 14 పేజీలు నువ్వు వాడుకోలేవు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసింది నీది, గీసింది ఆయనది. ఆయన నీ దగ్గర జీతగాడు కాదు, పైసలు తీసుకోలేదు, కాయితం రాసుకోలేదు. హక్కు ఇచ్చుడంటే రాసి సంతకం పెడితెనే చెల్లుతది, నోటి మాట చెల్లది, "బావే గదా" అనేది అసలే చెల్లది.

ఏఐ సంగతి కూడ అందుకె చెప్తున్న. బావను అడగకుంట ఆయన పేజీలు యాప్‌ల ఎక్కించుడు మాత్రం చెయ్యకు. చట్టం మాట అటుంచు, ఆ సంగతి అక్కకు తెలిసిన రోజు నువ్వు ఆ ఇంటి గడప తొక్కలేవు. బావ పేజీలు లేకుంట ఉత్తగ వాడుకుంట అంటవా, అది నీ ఇష్టం. దానికి ఫ్యాక్టరీ అంటె ఏదో ఒక ఫ్యాక్టరీ గీసిస్తది, నూలు దుమ్ము కనుబొమ్మల మీద ఎట్ల కూసుంటదో నువ్వు చెప్పకపోతె దానికి తెల్వది, నువ్వు చెప్పాల్నంటె నువ్వు చూసి ఉండాలె, చూసినంక ఆ పని బావకే చెప్పొచ్చు గదా.

నువ్వే గీసుకోవచ్చు, ఇది ఉత్తగంటలేను. పుల్లల మనుషులతోని సుత కామిక్ నడుస్తది, మనిషి యాడ నిలబడ్డడు, ఎటు చూస్తున్నడు, ఎంత పెద్దగ కనబడుతున్నడు అనేది సరిగ ఉంటె చదివేటోడు గీత బాగలేదని ఫికర్ చెయ్యడు. టైం పడతది, మొదటి ఇరవై పేజీలు నీకే నచ్చయి. కని పుస్తకం పూర్తిగ నీది అయితది, బావ బొమ్మలతోని వచ్చే పుస్తకం మాత్రం కాదు.

ఇంకోటి, నాకు ఎక్కువ నచ్చేది. 48 పేజీలు ఇప్పుడు పక్కకు పెట్టి 16 పేజీల కథ ఒకటి బావతోని చెయ్యుడు. మిల్లుల ఒక్క షిఫ్టు, లేకపోతె మిల్లు బంద్ అయిన తెల్లారి ఒక్క రోజు. దీంతోని నష్టం ఉన్నది, తాత బతుకంత ఒక్క పుస్తకంల రావాలన్న నీ కోరిక ఆగుతది, ఎన్నడొస్తదో తెల్వది. లాభం ఏందంటె నాయినమ్మ వయసు నువ్వు రాసినవ్ గదా, ఎనభై దాటింది. ఈ లెక్కన 48 పేజీలు అయ్యేసరికి ఇంకో మూడేండ్లు, 16 పేజీలదైతె జల్ది ఆమె చేతిల పెట్టొచ్చు.

ఏ దారి పట్టినా ఒక పని మాత్రం ముందుగల చెయ్యి. 16 పేజీలకు నాలుగు ఏ4 కాయితాలు తీసుకొని మధ్యలకు మడిచి పిన్ను కొట్టు, చిన్న పుస్తకం అయితది. 48కైతె పన్నెండు కాయితాలు. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు నాలుగు చొప్పుననే పెరుగుతయ్, 18 పేజీలు 50 పేజీలు అంటె ప్రెస్సోళ్లు నవ్వుతరు. అండ్ల పెన్సిల్‌తోని నువ్వే డబ్బాలు గియ్యి, పుల్లల మనుషులను పెట్టు, బుడగ యాడొస్తదో సున్న చుట్టి అండ్ల నీ డైలాగు మొత్తం నీ చేతితోని రాయి. పట్టదు, చూడు. తెలుగుకు కింద వత్తులు, మీద గుడులు, వరుసకు వరుసకు మధ్య జాగ ఇంగ్లీషు కంటె ఎక్కువ కావాలె, పైంగ మన మాటలు పొడుగు, మధ్యల ఇరగ్గొట్టలేం. పది పన్నెండు మాటలు దాటితె బుడగ తాత తలకాయ మీద కూసుంటది. అప్పుడు నువ్వే కొట్టేసుకుంటవ్, బావ కొట్టేయాల్సిన పని ఉండది. ఎడమకు ఉన్నోడు ముందుగల మాట్లాడాలె, కుడికి ఉన్నోడు జవాబియ్యాలె, ఇది డబ్బాల మనుషులను నిలబెట్టేటప్పుడే చూసుకోవాలె, గీసినంక బుడగలు పెడితె తోకలు అడ్డం పడతయ్. ఇంకోటి, పేజీ తిప్పుడు. పుస్తకంల కుడి పేజీకి ఎప్పుడు బేసి నెంబరు. గేటుకు తాళం ఉన్నదని తాత చూసే బొమ్మ నువ్వు తొమ్మిదో పేజీ కింద పెట్టినవ్. ఎనిమిది చదువుతున్నప్పుడే పక్కన తాళం కనబడతది, ఇగ చూడబోయేది ఏమున్నది? పదో పేజీ మీదికి జరుపు, తిప్పితెనే కనబడాలె.

ఆ పెన్సిల్ పుస్తకం పట్టుకొని బావ దగ్గరికి పో. మాఫీ అడుగుడు ఎట్లనో నేను చెప్పను, బావబామ్మర్దుల భాష మీకే తెలుసు. ఇది నీ ఐదో పేజీ, దీన్ని ముట్టలేదు అని చూపెట్టు. పని సంగతి కూడ అప్పుడే తేల్చుకోండ్రి, వారానికి ఎన్ని రాత్రులు కూసోగలడు అనేది అక్క ఉన్నప్పుడే మాట్లాడుకోండ్రి, ఆమె ఒప్పుకోని టైంటేబుల్ నడవది. రంగులు తీసేస్తె సగం బరువు తగ్గుతది, నలుపు తెలుపు, కావాల్నంటె నూలు పోగుకు మాత్రం ఒక్క రంగు. ఒక్క జాగ్రత్త, బావది ఫ్లెక్సీ అలవాటు, అది దూరంకెల్లి చూసేది కాబట్టి తక్కువ డీపీఐలనే (అంగుళానికి ఎన్ని చుక్కలనే లెక్క) నడుస్తది. పుస్తకం మొకం కాడ పట్టుకొని చూస్తరు, 300 ఉండాలె, గీత ఒక్కటే అయితె 600 పెట్టుకుంటె మంచిది. నువ్వు పంపిన ఫోటోలల్ల రెండు పేజీల గీతలు పల్లు పల్లుగ ఉన్నయ్, అది ఒకసారి అడుగు.

కవర్ మీద పేరు. ఇద్దరి పేర్లు ఒకటే సైజు, ఒకటే వరుస, రచన బొమ్మలు అని. ముందు ఎవరిదనేది చిట్టీలేసుకోండ్రి, నాకైతె ఏదైన ఒకటే. లోపల "ముచ్చట్లు చెప్పింది" అని నాయినమ్మ పేరు పెట్టండ్రి, ఆమె ఒప్పుకుంటె. అమ్ముడు పోతె చెరిసగం అని ఒక పేజీ కాయితం రాసుకొని ఇద్దరు సంతకం పెట్టండ్రి. సొంతోళ్ల మధ్యల కాయితమేందని అక్క అంటది కావచ్చు, సొంతోళ్లని రాసుకోకనే గదా ఇప్పుడు ఈ కత.

పుస్తెల ముచ్చట. బాబాయి ఏమన్నడో నువ్వు పేజీన్నర రాసినవ్, నాయినమ్మను అడిగినవా లేదా అన్నది ఒక్క ముక్క రాయలే. అడగలేదనే అనుకుంటున్న. ఆమె చీకట్ల మనవనికి చెప్పింది, అచ్చేస్తడని చెప్పలే. ముందుగల ఆమెను అడగాలె, అది ఉత్తగ నోటితోని కాదు, పేజీ చూపెట్టి అడగాలె. ఆమె వద్దంటె తీసెయ్యాలె, దాంట్ల ఇంకో మాట లేదు, కథ కొంచెం చప్పగయితె అయింది. ఆమె సరే అని బాబాయి వద్దంటె అప్పుడు నీకు తిప్పలు. పేర్లు మార్చి, కల్పిత కథ అని రాసుకోవచ్చు, అప్పుడు బాబాయి కొంచెం చల్లబడతడు గని వాడకట్టోళ్లకు ఎట్లైన తెలుస్తది, అంతేగాక "మా తాత కథ" అని నువ్వు ఛాతీ మీద చెయ్యేసుకొని చెప్పుకోలేవు. లేకపోతె ఉన్నది ఉన్నట్టు పెట్టి బాబాయితోని కొన్నాళ్లు మాటలు లేకుంట ఉండొచ్చు, అది మీ ఇంటి లెక్క, నువ్వే చూసుకోవాలె.

నీ స్క్రిప్టుల ఆ ముచ్చటకు రెండు పేజీలు పెట్టినవ్, తాత ఏడుస్తడు, నాయినమ్మ ఓదారుస్తది, డైలాగులు. నాకైతె అది ఒక్క మాట లేకుంట నడుస్తదనిపిస్తున్నది. ముందుటి పేజీలల్ల ఆమె మెడల పుస్తెలు ఎప్పుడు కనబడాలె, పొయ్యి ఊదేటప్పుడు, నీళ్లు తోడేటప్పుడు, బావకు చెప్పి ప్రతిసారి గీయించు. ఆ తర్వాత పేజీల ఆమె అట్లనే పొయ్యి ఊదుతుంటది, మెడల పసుపుతాడు, పసుపుకొమ్ము. ఎవ్వలు దాని గురించి మాట్లాడరు. మన దిక్కు ఆడోళ్లు చూసుడుతోనే పట్టుకుంటరు, పిల్లలు పట్టుకోకపోతె ఇంట్లోళ్లను అడుగుతరు. బాబాయికి సుత ఇది కొంచెం మింగుడు పడొచ్చు, తాత ఏడ్సుడు లేదు, అప్పులోళ్ల తిట్లు లేవు. పడకపోవచ్చు కూడ.

అక్షరాల సంగతి సుత ఒకటి చెప్త. అను ఫాంట్లు బావ షాపుల ఉంటయ్, అవి యూనికోడ్, అంటే ఏ ఫోన్లనన్న చదవొచ్చే తీరు అక్షరాలు, కావు, రేపు ఫోన్ల చదివేటట్టు పెట్టాల్నంటె యూనికోడ్‌లకు మార్చుకోవాలె, లేకపోతె మల్ల టైపు చేసుకోవాలె. మండలి, రామభద్ర, సురన్న, ధూర్జటి అసొంటి యూనికోడ్ ఫాంట్లు పైసలు లేకుంటనే దొరుకుతయ్, పుస్తకానికి వాడుకోవచ్చు. బుడగలకు మండలి సాఫుగుంటది. ఏది పెట్టినా ఒక పేజీ అసలు సైజుల ప్రింట్ తీసి నాయినమ్మ చేతికియ్యి, అద్దాలు పెట్టుకొని ఆగకుంట చదివితె ఆ సైజు ఉంచు. ఆమెకు చదువు రాదంటె అక్కకు ఇయ్యి.

ప్రింటింగ్ రేట్లు ఇప్పుడే కనుక్కోకు. వెయ్యి కాపీలు కొడితె ఒక్కోటి చవ్వగ పడతదని చెప్తరు, నీకు ఆశ పుడతది, ఇల్లంత కట్టలైతయ్. 16 పేజీలు పూర్తయినంక డిజిటల్ ప్రింట్ల యాభై కాపీలు కొట్టించు, ఒక్కోటి కొంచెం పిరమైనా సరే, అవి పోయినంక మిగతాది చూసుకోవచ్చు.